రెండు మాటల తాళంచెవి

మెట్లెక్కుతుండగా మొదట వినిపించింది ఒక ఫోన్ మోగుతున్న చప్పుడు. స్పీకర్లో పెట్టిన ఫోన్. అవతల ఎవరూ ఎత్తడం లేదు. సూర్యాపేటలో విత్తనాల దుకాణం మీదున్న మేడగదిలోంచి ఆ మోత ఒక్కో మెట్టూ దిగి ఎదురొచ్చింది. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి ఎవరో ఎత్తారు. అప్పుడు ఒక ఆడగొంతు, అలసిపోయి, మర్యాదగా అడిగింది.

"నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నరు?"

అవతల ఒక మగగొంతు బాగా తగ్గించి, "మేడం, మా ఇంటామె పక్కనే ఉన్నది. జర ఆగి చెయ్యరాదుర్రి" అంది.

"ఎవలయ్యా ఆమె?" అని వెనక నుంచి ఇంకో గొంతు.

గదిలోని మనిషి నవ్వలేదు. రక్తం ఇచ్చేవాళ్ళ వివరాలు సరిచేస్తున్నామని, ఊరి పేరు చెబితే చాలని, కావాలంటే ఫోను ఇంటామెకే ఇవ్వమని చెప్పింది. అతను చివ్వెంల అన్నాడు. పడుకున్నది చివ్వెంలలోనేనా అని ఆమె మళ్ళీ అడిగింది. కాదట. పడుకున్నది సూర్యాపేటలో. పన్నెండేళ్ళుగా సూర్యాపేటలోనే. "అది కిరాయి ఇల్లు గద మేడం, మా ఊరు మాత్రం చివ్వెంల" అన్నాడు. కాగితం మీద పెన్ను గీరిన శబ్దం.

లోపల కరుణ ఒక్కతే ఉంది. ముప్పై ఆరేళ్ళ మనిషి. ముందు నల్లబల్ల, ఆరు పాత కంప్యూటర్లు, వాటి మీద కప్పిన పూల దుప్పట్లు. కింద దుకాణంలోంచి పురుగుమందు వాసన పైకి వస్తుంది, పిల్లలకు పాఠం చెబుతున్నప్పుడు కూడా. తల వెంట్రుకలు చెవి దగ్గర ముందుగానే తెల్లబడ్డాయి. మూడు పట్టణాల రక్తదాతల బృందం గురించి రాయాలని నేను వెళితే ఆమె ముందే చెప్పింది, బృందం గురించైతే ఎర్రయ్య సారును అడగాలని, తన దగ్గరున్నది ఒక్క తప్పు మాత్రమేనని.

కోదాడలో పుట్టింది. తండ్రి ప్రభుదాస్ బడిపంతులు. ఎంసీఏ చదివి హైదరాబాదులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసింది. ఒక సాయంత్రం తండ్రి స్కూటర్‌ను హైవే మీద లారీ కొట్టింది. ఆమె వచ్చేసరికి ఆయన సూర్యాపేటలో ఒక మంచం మీద కాగితంలా ఉన్నాడు. రక్తం కావాలన్నారు. దవాఖాన వరండాలో ఒక ముసలాయన బల్ల మీద కూర్చుని, పొడుగాటి నోటుపుస్తకం ఒడిలో పెట్టుకుని, బొటనవేలు నాలుకకు తడుపుకుంటూ పేజీలు తిప్పుతున్నాడు. ఆయనే ఎర్రయ్య, రిటైరైన కాంపౌండర్. ప్రతి పేరు దగ్గరా ఆగి తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. వీడు మొన్ననే ఇచ్చిండు. వీడు దుబాయిల ఉన్నడు. వీడు సచ్చిపోయిండు, కొట్టెయ్యలె. కరుణకు ఆ బొటనవేలు మీద పిచ్చి కోపం వచ్చింది. లోపల తండ్రి ఒక్కో చుక్కా తరిగిపోతుంటే బయట ఈయన ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. గంటా నలభై నిమిషాలకు దాత దొరికాడు. తండ్రి ఇంకో ఆరేళ్ళు బతికాడు.

ఆ కోపమే తర్వాత కృతజ్ఞత అయిందో, ఆ కృతజ్ఞతలోనే కోపం మిగిలిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం మానేసి వచ్చి ఈ గదిలో పాఠాలు పెట్టింది. ఎర్రయ్య దగ్గర సూర్యాపేటకు ఒకటి, కోదాడకు ఒకటి, మిర్యాలగూడకు ఒకటి, మూడు పుస్తకాలుండేవి. మూడింటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని ఆమే అడిగి తీసుకుంది. మూడు వేల వంద పేర్లు.

ఆ పనిలో ఆమెకు అన్నిటికంటే ఇష్టంగా అనిపించినది కీ ఎంచుకోవడం. పిల్లలకు ఆ పాఠం ఎలా చెప్పేదో నాకూ అలాగే చెప్పింది. జాబితా అంటే వీధి మొదట్లో దిగి ప్రతి తలుపూ తట్టుకుంటూ పోవడం. ఎర్రయ్య చేసింది అదే. ప్రోగ్రాముల్లో డిక్షనరీ అనేది ఇంకొకటి ఉంది. అందులో ప్రతి వస్తువుకూ ఒక కీ ఉంటుంది, తాళంచెవి అనుకోండి. అది చేతిలో ఉంటే వీధి లేదు, నడక లేదు. నేరుగా ఆ గుమ్మం ముందే దిగుతాం. పది ఇళ్ళున్నా లక్ష ఇళ్ళున్నా అదే రెప్పపాటు. కష్టమంతా ఆ తాళంచెవిని దేనితో చేయాలన్నదే.

మొదట ఫోన్ నంబరుతో చేసి చూసింది. ఒకరి నంబరు ఇంకొకరికి ఉండదు కాబట్టి పొరపాటుకు తావు లేదు. కానీ రక్తం కోసం పరుగెత్తుకొచ్చినవాళ్ళకు నంబరు తెలిస్తే ఇంక వెతకడమెందుకు. పేరుతోనూ అదే చిక్కు. ఒక్క గ్రూపుతో చేస్తే బి పాజిటివ్ తలుపు వెనక తొమ్మిది వందల మంది నిలబడ్డారు, మళ్ళీ వీధిలో పడ్డట్టే. చివరికి రెండు మాటలను ముడివేసి ఒకే కీ చేసింది. గ్రూపు, ఊరు. ఆ రెండూ ఇస్తే ఆ ఊళ్ళో ఆ రక్తమున్నవాళ్ళ నంబర్లన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. కీ ఎప్పుడూ అడగవచ్చినవాళ్ళ చేతిలో ఉన్నదై ఉండాలి అని ఆమె బల్ల మీద రాసేది. దవాఖాన వరండాలో నిలబడ్డ మనిషి చేతిలో ఉన్నవి ఆ రెండు మాటలే కదా.

ఇంకొకటి కూడా చేసింది. లేని కీ అడిగితే ప్రోగ్రాము ఆగిపోయి ఎర్ర అక్షరాల్లో అరుస్తుంది. ఫోన్లో వెతికే కార్యకర్తలు ఆ ఎరుపు చూసి బెదిరిపోతారని ఆ అరుపును మూసేసింది. దాని చోట నెమ్మదైన ఒక్క మాట పెట్టింది. లేరు.

మొదటి ఏడాది రెండు వందల సార్లకు పైగా ఆ తలుపులు తెరుచుకున్నాయి. ఎర్రయ్య ఒకరోజు గదికి వచ్చి, తెర మీద నంబర్లు టక్కున రావడం చూసి, బొటనవేలు పైకెత్తి చూసుకుని, "దీనికి పని లేకుండ చేసినవ్ గద బిడ్డా" అన్నాడట. ఆ రోజు వీడ్కోలు చెబుతున్న మనిషిలా కనిపించాడని కరుణ చెప్పింది. అప్పుడు మాత్రం అది పొగడ్త అనుకుంది.

నిరుడు నవంబరులో, వడ్ల లారీలు మిర్యాలగూడ మిల్లుల ముందు వరుసకట్టిన రోజుల్లో, ఒక ఉదయం పదకొండు గంటలకు అక్కడి దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. సింధు అనే అమ్మాయి, ఇరవై మూడేళ్ళు. కాన్పు అయింది, పాప బాగుంది, తల్లికి రక్తం ఆగడం లేదు. ఓ నెగెటివ్. ఉన్న రెండు సంచులూ ఎక్కించేశారు. ఓ నెగెటివ్ వాళ్ళకు ఇంకే రక్తమూ పనికిరాదు. కార్యకర్త రెండు మాటలూ కొట్టాడు. ఓ నెగెటివ్, మిర్యాలగూడ. రెప్పపాటులో జవాబు వచ్చింది. లేరు.

సూర్యాపేట అని కొడితే ఒకతను ఉన్నాడు గానీ నెల కిందటే రక్తం ఇచ్చాడు. కోదాడలో ఒకరు ఉన్నారు, వెంటనే బయలుదేరారు. కారు హుజూర్‌నగర్ దాటింది, గరిడేపల్లి దాటింది, నేరేడుచర్ల దాటింది. రోడ్డు పక్కన కోసిన మళ్ళు, కాలువ నీళ్ళు, వడ్లు ఆరబోసి సగం మూసిన దారి. కరుణ ఇక్కడ ఈ గదిలో కూర్చుని ప్రతి ఊరి దగ్గరా ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చారని అడుగుతూనే ఉంది. కారు దవాఖాన ముందు ఆగేసరికి ఒంటిగంట ఇరవై. సింధు ఒంటిగంటకు పది నిమిషాల ముందే పోయింది.

పదకొండో రోజు సింధు తల్లి సైదమ్మ ఎవరి దగ్గరో నంబరు తీసుకుని ఫోన్ చేసింది. రైసుమిల్లులో కూలి. మనిషి పోయిన ఇంటి నుంచి ఓదార్పు అడగడానికి కాదు, ఇవ్వడానికి చేసింది. మీరు చెయ్యాల్సింది చేసిన్రు బిడ్డా, అసుంటి రక్తమే ఈ ఊర్ల లేకపాయె, ఎవల్నని ఏం లాభం అంది. కరుణ ఆ మాటలు విని ఏడ్చింది. ఆ రోజు ఆ ఏడుపులో ఏ తప్పూ లేదు. తనకు అలా ఏడవగలిగిన రోజు అదే చివరిదని చెప్పింది.

మరో వారానికి శశిధర్ అనే అతను ఫోన్ చేశాడు. తను ఇదివరకోసారి రక్తం ఇచ్చానని, మళ్ళీ ఇచ్చే గడువు ఎప్పుడో దాటిందని, ఎవరికైనా కావాలంటే మొహమాటపడకుండా పిలవమని. ఓ నెగెటివ్ కదా, దొరకదంటారు కదా అన్నాడు. కరుణ తెర మీద చూసింది. శశిధర్, ఓ నెగెటివ్, గరిడేపల్లి. గరిడేపల్లి నుంచి ఎవరైనా పిలిస్తే తప్పక చెబుతానంది.

"గరిడేపల్లి కాదు మేడం. మిర్యాలగూడలనే ఉంటున్న. పదకొండేండ్లాయె."

ఎక్కడ అని అడిగింది. అతను చెప్పిన గల్లీ ఆ దవాఖాన వెనకే ఉంది. గేటు నుంచి నాలుగు నిమిషాల నడక.

మరి గరిడేపల్లి అని ఎందుకు రాశారని అడిగితే అతను ఆశ్చర్యపోయాడట. పొలం అక్కడిది, ఓటు అక్కడిది, తాత సమాధి అక్కడిది. ఊరేదంటే ఇంకేం చెబుతారు. దాతలు మొదట నింపి ఇచ్చే, ఎర్రయ్య పుస్తకంలోకి ఎక్కించుకునే ఫారంలో ప్రస్తుతం ఉంటున్న ఊరు అనే స్పష్టంగా ఉంది. అయినా ఇక్కడి మనిషి బతుకుతెరువు కోసం తలదాచుకున్న చోటును తన ఊరుగా ఒప్పుకోడు. ముప్పై ఏళ్ళు పట్టణంలో కాపురం చేసినా చిరునామా గడిలో సొంతూరే రాస్తాడు. అలా రాయకపోతే ఆ ఊరు తనను మరిచిపోతుందేమో అన్నట్టు. అడగవచ్చినవాళ్ళకు కావలసింది మనిషి నిలబడ్డ చోటు. వాళ్ళు రాసి ఇచ్చింది మనిషి మొలిచిన చోటు. కరుణ ఆ రెండోదాన్ని మొదటిదనుకుని తాళంచెవి చేసింది.

ఆ మధ్యాహ్నమే ఎర్రయ్య ఇంటికి వెళ్ళి మూడో పుస్తకం, మిర్యాలగూడది, తీసింది. శశిధర్ పేరు ఉంది, ఊరు గడిలో గరిడేపల్లి ఉంది. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో, చీమ తల అంత అక్షరాల్లో, ఈడనే ఉంటడు అని రాసి ఉంది. అలాంటి పెన్సిల్ మాటలు పుస్తకం నిండా ఉన్నాయి. టైపు చేస్తున్నప్పుడు ఆమె వాటిని చూసింది. ఇవేంటని అడిగింది కూడా. నా యాది కోసం రాసుకున్న బిడ్డా అని ఆయన అంటే, తన పట్టికలో వాటికి గడి లేదని వదిలేసింది.

నెమ్మదిగా తిరిగిన ఆ బొటనవేలు ఆ రోజు ఆ పేజీ మీదికి వచ్చి ఉంటే ఆగేది. ఓ నెగెటివ్ పేర్లు మూడు పుస్తకాల్లో కలిపి పద్దెనిమిది. వరసగా అందరికీ ఫోన్ చేసినా అరగంట. ఆ రోజు కొట్టి చూసింది మాత్రం మూడు పట్టణాల పేర్లే. కానీ రెప్పపాటులో లేరు అని వచ్చిన తర్వాత ఇంకెవరూ వెతకరు. అంత త్వరగా వచ్చిన జవాబును మనుషులు అనుమానించరు. ఈ సంగతి చెబుతున్నప్పుడు కరుణ నల్లబల్ల వైపు చూస్తూ ఉండిపోయింది. బల్ల మీద ఏమీ లేదు, సగం చెరిపిన సుద్ద మసక తప్ప.

ఆ తర్వాత ఆరు నెలలు ఆమె చేసిన పని ఒక్కటే. మూడు వేల వంద మందికీ ఫోన్ చేయడం. ఏ ఊరు అంటే సొంతూరే చెబుతున్నారు. ఎక్కడ ఉంటున్నారంటే, ఉండేది ఇక్కడే కానీ రాసుకోవడం మాత్రం మా ఊరే రాసుకోండి అంటున్నారు. ఎన్ని రకాలుగా అడిగినా మనసు సొంతూరికే పరుగెత్తుతోంది. చివరికి దేహం సంగతి అడిగింది. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు. దానికి మాత్రం ఎవరూ అబద్ధం చెప్పరు, పెళ్ళాం పక్కన ఉన్నవాళ్ళు తప్ప అని మఠంపల్లి కార్యకర్త ఒకతను వేళాకోళం చేశాడట. ఇప్పుడు కీలో రెండో మాట అదే, పడుకున్న ఊరు. సొంతూరు పక్కన వేరే గడిలో ఉంది, ఎర్రయ్య పెన్సిల్ మాటలకూ ఒక గడి ఉంది. లేరు అన్న మాటను తీసేసింది. దాని బదులు చుట్టుపక్కల పేర్లన్నీ వరసగా వస్తాయి, తలుపు తలుపూ తట్టమని.

అయినా అసలు పని మిగిలే ఉంది. శశిధర్ అక్కడే ఉన్నాడని సైదమ్మకు తెలియదు.

చెప్పవద్దని ఎర్రయ్య గట్టిగా అన్నాడు. "ఆమె ఒక తీర్గ సముదాయించుకున్నది. నువ్ పోయి చెప్తే బిడ్డ రెండోసారి సచ్చినట్టయితది. నీ బరువు దిగుతది, ఆమెకెక్కుతది. గదే నీకు కావాల్నా?"

ఆయన చెప్పింది నిజమేనని కరుణకూ తెలుసు. కానీ సైదమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తోంది. పాప బోర్లాపడిందని, పాపకు పన్ను వచ్చిందని, దేవుడే కండ్లు మూసుకున్నడని. పెట్టేసే ముందు ప్రతిసారీ నీకు పుణ్యముంటది బిడ్డా అంటోంది. ఆ మాట పడ్డ ప్రతి ఆదివారం కరుణ చర్చిలో తల ఎత్తలేకపోయింది. సైదమ్మ దేవుణ్ణి తిట్టుకుంటున్నది సార్, తిట్టాల్సింది నన్ను అని ఎర్రయ్యతో అని లేచి వచ్చేసింది.

నేనూ కరుణా కలిసి మిర్యాలగూడ వెళ్ళింది జూన్ రెండో వారంలో. వాన రాలేదు. మిల్లుల గొట్టాల్లోంచి ఊక బూడిద సన్నగా రాలుతూ ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద వాలుతోంది. ఊరంతా ఉడికిన వడ్ల వాసన. సైదమ్మది రేకుల గది. గుమ్మం ముందు కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. లోపల చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. కరుణను చూడగానే చాప పరిచింది.

కరుణ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. పుస్తకం, పెన్సిల్ రాత, తను వదిలేసిన గడి, రెండు మాటలు, వచ్చిన జవాబు, శశిధర్. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. కంప్యూటర్ సంగతి సైదమ్మకు ఎంత అర్థమైందో తెలియదు. చేట ఆగలేదు. పొట్టు ఎగిరి ఆమె మోకాళ్ళ మీద పడుతూనే ఉంది. చాలాసేపటి తర్వాత చేట కింద పెట్టింది.

"యాడ ఉంటడు ఆయన?"

దవాఖాన వెనక రెండో గల్లీ అని కరుణ చెప్పింది.

"సూపెట్టు."

పాపను పక్కింటి ఆమెకు అప్పగించి బయలుదేరింది. నేరుగా వెళ్ళే దారి ఉన్నా ఒప్పుకోలేదు. ముందు దవాఖాన గేటు దగ్గరికి వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, అప్పుడు నడక మొదలుపెట్టింది. మందుల దుకాణం. ఇస్త్రీ బండి. గోడ నీడలో పడుకున్న బర్రె. మొదటి గల్లీ మూల మీద మూతపడిన పిండిగిర్ని. ఆమె దేని దగ్గరా ఆగలేదు, దేన్నీ చూడకుండా వదల్లేదు. ఆ దారి ఆమె కాళ్ళ కింద ఎంత తక్కువగా ఉందో చూడటం కష్టంగా ఉంది. పది అడుగులు ఎక్కువైనా బాగుండునని అనిపించింది.

ఆకుపచ్చ గేటు. లోపల శశిధర్ తల్లి రుక్కమ్మ మంచం మీద ఒడియాలు పెడుతోంది. ఎవరు కావాలమ్మా అని అడిగింది. కరుణ నోరు తెరవబోయింది. సైదమ్మ ముందుగా అంది, "జర మంచినీళ్ళు ఇస్తవా అమ్మా."

రుక్కమ్మ స్టీలు చెంబుతో తెచ్చింది. ఎండల వడి వచ్చినట్టున్నరు, నీడకు కూసోర్రి అంది. సైదమ్మ గేటు పట్టుకునే నిలబడి తాగింది. అప్పుడే శశిధర్ బయటికొచ్చాడు. నలభై ఏళ్ళ దృఢమైన మనిషి, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. ఎవరని తల్లిని అడిగాడు. దూపైందట కొడుకా అంది రుక్కమ్మ. ఇంకో చెంబు ఇవ్వమని తల్లికి చెప్పి బండి తాళం కోసం జేబులు తడుముకున్నాడు. సైదమ్మ అతని ముఖం వైపు చూడలేదు. మోచేతి మడత దగ్గర, చర్మం కింద నీలంగా సాగిన నరం మీద ఆమె చూపు నిలిచిపోయింది. బండి కదిలి మలుపు తిరిగేదాకా అటే చూసింది. చెంబును కొంగుతో తుడిచి రుక్కమ్మకు ఇచ్చింది.

తిరిగి దవాఖాన ముందుకు వచ్చి ఆగింది.

"మంచోని లెక్కనే ఉన్నడు. పిలిస్తే వచ్చేటోడే."

కరుణ తల ఊపింది.

"నీ మీద కోపం లేదని అనను బిడ్డా. ఉన్నది. ఎన్ని దినాలుంటదో నాకు తెల్వదు. ఇగ ఆదివారం ఫోన్ చెయ్య. నువ్ కూడ చెయ్యకు."

రోడ్డు దాటి వెళ్ళిపోయింది. వడ్ల లారీ ఒకటి అడ్డం వచ్చింది. అది పోయేసరికి ఆమె కనిపించలేదు. కరుణ ముఖంలో ఊరట కోసం వెతికాను. లేదు. బరువు దిగిన మనిషి నడక కాదు ఆమెది. ఎర్రయ్య ఒకందుకు సరిగ్గా చెప్పాడు, ఒకందుకు తప్పు చెప్పాడు. బరువు అటు ఎక్కింది. ఇటు దిగలేదు.

బస్టాండులో ఆమె కోదాడ బస్సు కోసం నిలబడింది. ఆ రోజు తల్లి దగ్గరికి వెళతానంది. ఇదంతా రాసేటప్పుడు పేరు మార్చి రాయనా అని అడిగాను. బస్సు వచ్చి ఆగింది, జనం తోసుకుంటున్నారు. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"మార్చకండి సార్. ఆమెకు చదువు రాదు. ఎప్పుడన్న ఎవరితోనన్న చదివిచ్చుకుంటే, అండ్ల నేనే ఉండాలె."